చెమ్మగోడ యెవరి బాధ్యత? శంషాబాదు అద్దె యిండ్లలో బూజు వివాదముపై సమీక్ష

నైరృతి ఋతుపవనములు తెలంగాణ పీఠభూమిపై నిలదొక్కుకొని, శ్రావణ భాద్రపదములలో ఎడతెగని ముసురు పట్టినప్పుడు, హైదరాబాదు నగరమునకు దక్షిణమున విమానాశ్రయము చుట్టును వెలసిన అద్దె యిండ్లలో ఒకే తీరు కలహము తలయెత్తుచుండును. పడకగది మూలయందు నల్లని చుక్కలు పొడచూపును. బీరువా వెనుకటి గోడ పచ్చబారును. దండెము మీది బట్టలు ముక్కవాసన కొట్టును. కిరాయిదారు ఇంటి యజమానికి ఫోను చేయును. "కిటికీలు తియ్యరు, బట్టలు ఇంట్లనే ఆరేస్తరు, బూజు పట్టక ఏం జేస్తది" అని యజమాని యనును. "మేం దిగేటప్పటికే గోడ చెమ్మ గుంజుతుండె, పైన రంగు పూసి ఇచ్చిండ్రు" అని కిరాయిదారు బదులు చెప్పును. ఇరువురును కొంతమేరకు సత్యమునే పలుకుచుండుటచేతనే ఈ వివాదము ఇంత చిక్కుపడి యున్నది.

న్యాయవాది దీనిని ఒప్పందపు ప్రశ్నగా చూచును. ఇంజనీరు నిర్మాణదోషముగా చూచును. వైద్యుడు శ్వాసకోశ వ్యాధులకు హేతువుగా చూచును. ఇండ్ల బ్రోకరు అద్దె ధరలోనే లెక్కకు వచ్చిన లోపముగా చూచును. ఒకరి మాట మరియొకరికి వినబడనందున వాదము పెరిగినదే గాని స్పష్టత పెరుగలేదు. ఈ సమీక్షలో ముందు ఆ ప్రాంతపు కట్టడముల చరిత్రయు, పిమ్మట తేమ పుట్టుకయు, అటుపిమ్మట వాదములును శాసనములును పరిశీలింపబడును. ఈ వ్యాసకర్త అభిప్రాయమును ఆదియందే చెప్పుట ధర్మము: తేమ యెచ్చటినుండి వచ్చినదో తేల్చు భారము నేడు కిరాయిదారు నెత్తిన పడుచున్నది, డాబా తాళపుచెవియు, నీటి గొట్టములు సాగిన జాడయు, ఇల్లు కట్టిన నాటి వివరములును ఎవరి చేతిలో నున్నవో ఆ యజమానియే ఆ భారమును వహింపవలయును.

పల్లెలు అద్దె వాడలైన వైనము

2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము శంషాబాదున ఆరంభమై, బేగంపేటనుండి పౌర విమానముల రాకపోకలు ఇచ్చటికి మారెను. సుమారు 5,500 ఎకరములలో విస్తరించిన ఆ నిర్మాణముతో రాళ్లగూడ, మామిడిపల్లి, తొండుపల్లి, సాతంరాయి, గగన్‌పహాడ్ వంటి గ్రామముల రూపురేఖలే మారిపోయినవి. మరుసటి యేట, అనగా 2009 అక్టోబరులో, మెహదీపట్నమునుండి ఆరాంఘరు వరకు 11.6 కిలోమీటర్ల పొడవున పీ.వీ. నరసింహారావు పేర పైవంతెన ప్రారంభమగుటతో నగరమునకును ఆ పల్లెలకును నడుమ దూరము తగ్గెను. సామానులు మోయువారు, భద్రతా సిబ్బంది, సరకు గిడ్డంగుల కార్మికులు, టాక్సీ డ్రైవర్లు, హోటళ్ల పనివారు, విమాన భాగముల కర్మాగారములలోని యువకులు: వీరందరికిని డ్యూటీకి దగ్గరగా, తక్కువ కిరాయికి గది కావలసివచ్చెను. భూమి పోగొట్టుకొన్న కుటుంబములలో గదుల కిరాయియే జీవనాధారమైన వారును లేకపోలేదు. యజమాని యనగానే ధనికుడని యెంచుట ఈ ప్రాంతమున సరికాదు.

ఈ కట్టడముల వెనుక మరియొక చరిత్ర కలదు. 1908 నాటి మూసీ వరద పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయముల పరీవాహ ప్రాంతమును కాపాడుటకై 1996 మార్చి 8న ప్రభుత్వము జీ.ఓ. 111ను వెలువరించి, 84 గ్రామములలో నిర్మాణములపై కఠినమైన ఆంక్షలు విధించెను. శంషాబాదు మండలములోని పెక్కు గ్రామములు ఆ పరిధిలోనికి వచ్చినవి. 2022 ఏప్రిలులో జీ.ఓ. 69 ఆ ఆంక్షలను సడలించువరకు గడచిన ఇరువదియారేండ్లలో ఇండ్లు కట్టుట ఆగలేదు. అనుమతి తీసికొని కట్టుట మాత్రమే ఆగినది. అనుమతి లేని కట్టడమునకు తనిఖీ లేదు. తనిఖీ లేనిచోట పునాదిపై తేమను ఆపు పొర వేసిరా, స్లాబుకు వాలు సరిగా నిచ్చిరా, బయటి గోడకు పూత పూసిరా యని అడుగు నాథుడు లేడు. ఆంక్షలు లేని గ్రామములలో సైతము స్థితి దీనికి చాల భిన్నముగా లేదు. 2012 ఏప్రిలు నాటి జీ.ఓ. 168 ఇంటి చుట్టు వదలవలసిన ఖాళీస్థలమును నిర్దేశించినది. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టము 75 గజములలోపు స్థలమునకు అనుమతి అవసరమే లేదనియు, 600 గజముల వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి యనియు చెప్పినది. జాప్యమును, లంచమును తగ్గించుటకు అది మంచి మార్గమే. కాని గోడ తడియునా తడియదా యన్న ప్రశ్న ఆ ధ్రువీకరణ పత్రములో ఎక్కడను రాదు.

ఈ వాడలలో నడచి చూచినవారికి ఒక దృశ్యము తప్పక కంటబడును. రెండు ఇండ్ల మధ్య జానెడు సందు. ఇరువైపుల గోడలు మూడంతస్తులు లేచిన పిదప, ఆ సందులోనికి మేస్త్రి చేయి పోదు, తాపీ పోదు. అందుచే అచ్చటి గోడలు పూత లేక ఇటుకలతోనే మిగిలిపోవును. పైనుండి వాననీరు ఆ సందులోనికి జారి, గాలియు ఎండయు సోకక, కార్తికము వరకు ఆరదు. ఆ గోడ లోపలి ముఖము ఎవరి పడకగదియో అగును. లోపల ఎన్ని మారులు రంగు వేసినను, పుట్టీ పెట్టినను అది పొక్కి రాలును. ఆ కుటుంబము కిటికీలు తెరచినను మూసినను ఫలితమొక్కటే.

తేమ వచ్చు నాలుగు దారులు

ఫిర్యాదు ఒకటే యైనను కారణములు నాలుగు. వీనిని వేరుచేసి చూడకుండుటయే ఈ వివాదమందలి ప్రధాన లోపము గనుక ఇచ్చట కొంత విస్తరించి చెప్పక తప్పదు.

మొదటిది నేలనుండి ఎగబ్రాకు చెమ్మ. పునాదిపై మేస్త్రులు డి.పి.సి. అని పిలుచు పొర లేకున్నను, ఉండి పగిలినను, ఇటుకలలోని సన్నని రంధ్రముల ద్వారా నీరు పైకి ప్రాకును. సాధారణముగా అది నేలనుండి ఒక మీటరు ఎత్తు దాటదు. పైయంచున తెల్లని ఉప్పు పొంగి, పూత బియ్యపు పిండివలె రాలుచుండును. ఆ ఉప్పు తాండవించుచోట బూజు తక్కువగానే పుట్టును గాని, దాని సమీపమునందలి చెక్క సామానులు చెడును.

రెండవది వాన చొచ్చుకొనివచ్చుట. దూలమును గోడయు కలియుచోటి పగుళ్లు, సజ్జ లేని కిటికీ అడుగు, పిట్టగోడయు స్లాబును కలియు మూల: ఇవి దాని ద్వారములు. ఖర్చు తగ్గించుటకై బయటి గోడను తొమ్మిది అంగుళములు కాక నాలుగున్నర అంగుళముల మందముతో ముగించిన ఇండ్లలో, గాలివాన కొట్టిన మరునాటికే లోపలి రంగు మారును. డాబాపై రేకులతోనో పలుచని స్లాబుతోనో లేపి 'పెంట్‌హౌసు' అని పిలుచు గదుల స్థితి మరింత దుర్భరము.

మూడవది గొట్టముల కారుట. పై యంతస్తు స్నానాలగది క్రింద పల్లముగా వదలి నింపిన స్లాబులో నీరు చేరి, క్రింది యింటి పైకప్పున గోధుమరంగు వలయములుగా కనబడును. వానతో దీనికి సంబంధము లేదు; నడివేసవిలో సైతము కారుచుండును. తగవు ఇరువురి మధ్య కాక మువ్వురి మధ్య నడచుట దీని విశేషము.

నాలుగవది ఇంటిలోని ఆవిరి చల్లని గోడపై నీరై పేరుకొనుట. వంట, స్నానము, లోపల ఆరవేసిన బట్టలు, మనుష్యుల ఊపిరి: వీనినుండి పుట్టిన ఆవిరి బయటికి పోవు దారి లేనప్పుడు గది మూలలందును, బీరువాల వెనుకను చేరును. గోడ ఉపరితలమున గాలి తేమ 80 శాతము దాటి కొన్నాళ్లు నిలిచినచో బూజు మొలచుటకు అది చాలును; దానికి కావలసిన ఆహారము దుమ్ము, రంగు, కాగితము, చెక్కల రూపమున సిద్ధముగానే యుండును. యజమానులు వేలెత్తి చూపునది ఈ నాలుగవ కారణమునే. దీనియందు సత్యము లేకపోలేదు. విమానాశ్రయమున రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు పగలు నిద్రింపవలసి వచ్చి, వెలుతురు రాకుండ తలుపులు కిటికీలు బిగించుకొందురు; సాయంత్రమైనచో దోమల భయముచే మరల బిగింతురు; నలువురు అయిదుగురు బ్రహ్మచారులు ఒకే గదిని పంచుకొందురు. ఇంత ఆవిరిని భరించు గది యేది? అయితే అదే గదికి ఒకవైపు మాత్రమే కిటికీయుండి, అదియు జానెడు సందులోనికి తెరచుకొనునప్పుడు, తెరచినందువలన వచ్చు గాలి యెంత? జాతీయ భవన నిర్మాణ సంహిత నివాసపు గదికి నేల విస్తీర్ణములో, పొడి వేడి ప్రాంతమున పదవ వంతునకును, తేమ వేడి ప్రాంతమున ఆరవ వంతునకును తగ్గని కిటికీ తలుపుల వైశాల్యమును సూచించుచున్నది. ఆ కొలత లేని గదిని కిరాయికిచ్చి, గాలి ఆడనిచ్చుట లేదని కిరాయిదారును నిందించుట న్యాయము కాదు.

ఈ నాలుగింటిని వేరుచేయుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. అనుమానమున్న చోట అరచేయి రెండింతల ప్లాస్టిక్కు కాగితమును గోడకు అదిమి నాలుగంచులను టేపుతో అంటించి, ఒకటి రెండు దినములు వదలినచో, గదివైపున నీటిబొట్లు నిలిచిన యెడల అది ఇంటి ఆవిరి. కాగితము వెనుక గోడవైపున తడి కనబడిన యెడల అది గోడలోని చెమ్మ. పైకప్పు విషయమున స్లాబుపై ఒకటి రెండు దినములు నీరు నిలిపి చూచుట మేస్త్రులందరికిని తెలిసిన పరీక్షయే. స్నానాలగది విషయమున రంగునీరు పోసి చూతురు. పాతిక రూపాయల ఖర్చు లేని ఈ పరీక్షలు చేయకయే నెలల తరబడి తగవులాడుచుండుట విచారకరము.

వీనికి తోడు వరద. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి బేగంపేటలోనే 19 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైనది. గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు తెగి బెంగుళూరు జాతీయ రహదారిని ముంచెత్తగా ప్రాణనష్టమును కలిగినది. అట్టి నీట మునిగిన గోడ పైకి ఆరినట్లు కనబడినను లోపల నెలల తరబడి తడి నిలుచును. తడిసిన వస్తువును 24 నుండి 48 గంటలలో ఆరబెట్టగలిగినచో బూజు సాధారణముగా పుట్టదు. తరువాత చేయు ఏ పూతయు దానిని దాచునే గాని తొలగింపదు.

ఆరోగ్యము మాట

ఈ అంశమున వివాదము స్వల్పమే. అమెరికాలోని ఇన్స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లోను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోను పరిశోధనలను క్రోడీకరించి, చెమ్మ బూజులున్న ఇండ్లలో నివసించువారికి ఉబ్బసపు లక్షణములు, దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ వ్యాధులు హెచ్చుగా కనబడుచున్నవని తేల్చినవి. ఇంత బూజు వరకు అపాయము లేదు అను కొలతను మాత్రము ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయింపలేదు. తేమను నివారించి, ఉన్న బూజును తీసివేయుటయే మార్గమని చెప్పినది. చిన్నపిల్లలు, వృద్ధులు, ఉబ్బసము గలవారు ఉన్న ఇంటిలో ఇది అందచందముల ప్రశ్న కాదని గుర్తించిన చాలును.

పరస్పర విరుద్ధములైన నాలుగు వాదములు

వాడుక వాదము యజమానులది. ఇల్లు మంచిగానే ఇచ్చితిమి, వాడుకలో చెడినది, కావున బాగుచేయుట వాడినవారి పని యని దాని సారము. ఆవిరి వలని బూజు విషయమున ఇది కొంత నిలుచును. తక్కిన మూడింటి విషయమున నిలువదు.

నివాసయోగ్యతా వాదము కిరాయిదారులది. కిరాయి నాలుగు గోడలకు కాదు, నివసింపదగిన ఇంటికి చెల్లించుచున్నాము. ఆ యోగ్యత లేనప్పుడు కిరాయి తగ్గింపవలెనని వారందురు. 1970లో అమెరికా రాజధాని వాషింగ్టనులోని అప్పీలు న్యాయస్థానము జావిన్స్ కేసులో అద్దె ఒప్పందమునందు నివాసయోగ్యతకు హామీ అంతర్లీనముగా నున్నదని తీర్పు చెప్పిన పిదప ఈ వాదము ఆ దేశమున వేళ్లూనినది. మన దేశమున దానికి అంత సూటియైన ఆధారము లేదు.

కారణ వాదము ఇంజనీర్లది. పైన చెప్పిన పరీక్షలన్నియు దాని ఫలితములే. ముందు మూలమును తెలిసికొనుడు, పిదప ఎవరు చెల్లించవలయునో తేలును అను ఈ పక్షము అన్నిటికన్న సమంజసమైనది. అయితే పరీక్ష ఎవరు చేయింపవలెను, ఇంటిలోనికి ఎవరిని రానీయవలెను, పై యంతస్తువాడు ఒప్పుకొనకున్న గతియేమి యన్న ప్రశ్నలకు అది సమాధానము చెప్పదు.

నాలుగవది బజారు వాదము. చెమ్మగది కనుకనే కిరాయి తక్కువ. కఠిన నిబంధనలు తెచ్చినచో చిన్న యజమానులు గదులు కిరాయికిచ్చుట మానుదురు, అప్పుడు పేద కార్మికునికి ఆ మాత్రపు నీడయు కరవగును అని దీని భయము. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. గజము గజము కూడబెట్టి మూడు గదులు లేపిన కుటుంబమునకు డాబా మరల పరచు ఖర్చు నిజముగా బరువే. కాని ఈ వాదము ఒక విషయమును మరచుచున్నది: లోపము తెలిసి తక్కువ కిరాయికి ఒప్పుకొన్నప్పుడే అది బేరమగును. వానకాలము ముందు పుట్టీ పెట్టి రంగు పూసి, వైశాఖములో గది చూపి అడ్వాన్సు పుచ్చుకొన్నచోట బేరమనునది జరుగనేలేదు.

శాసనము నిలుచు చోటు, నిలువని చోటు

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను ఈ విషయమున మూలస్తంభము. తనకు తెలిసియుండి, సామాన్య జాగ్రత్తతో కిరాయిదారు కనిపెట్టలేని ముఖ్యలోపమును యజమాని వెల్లడింపవలయునని అందు మొదటి విధి. ఎండాకాలమున కొత్త రంగు క్రింద దాగిన చెమ్మ సరిగా అట్టి లోపమే యని ఈ వ్యాసకర్త అభిప్రాయము. యజమాని తాను చేయుటకు బద్ధుడైన మరమ్మతును నోటీసు ఇచ్చిన పిదప తగిన కాలములో చేయనిచో, కిరాయిదారు తానే చేయించి ఖర్చును వడ్డీతో కిరాయిలో తగ్గించుకొనవచ్చునని మరియొక నియమము కలదు. వినుటకు ఇది గొప్ప రక్షణ. అయితే "బద్ధుడైన" అను విశేషణమే దాని బలమును హరించుచున్నది: మరమ్మతు చేసెదనని ఒప్పందములో వ్రాయనిచో యజమాని సాధారణముగా బద్ధుడు కాడు. మన ప్రాంతపు స్టాంపు కాగితములపై అచ్చుగ్రుద్దిన పదునొకండు నెలల ఒప్పందములలో కరెంటు బిల్లు, మేకులు కొట్టుట, ఖాళీ చేయు గడువు వంటివన్నియు ఉండును. చెమ్మ మాట ఉండదు. ఏడాది మించిన అద్దెకు రిజిస్ట్రేషను తప్పనిసరి గనుకనే ఈ పదునొకండు నెలల ఆచారము స్థిరపడినది.

ఇక 1960 నాటి భవనముల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టము. తెలంగాణలో నేటికిని ఇదియే అమలులో నున్నది. దీని 14వ సెక్షను కిరాయిదారు అనుభవించుచున్న నీరు, దీపము వంటి వసతులను యజమాని తొలగింపరాదని శాసించుచున్నది. ఈ చట్టపు చరిత్ర మాత్రము క్రమక్రమముగా ముడుచుకొనిపోయిన చరిత్ర. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇండ్లకు ఇచ్చిన శాశ్వత మినహాయింపును 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో కొట్టివేసెను. ఆ యేడు డిసెంబరులోనే ప్రభుత్వము, నెలకు వేయి రూపాయలకు మించిన అద్దె యిండ్లను వేరొక ఉత్తరువుతో పరిధినుండి తప్పించెను. 2005లో సవరణ వచ్చి, కార్పొరేషను ప్రాంతములలో 3,500 రూపాయలకును ఇతరత్ర 2,000 రూపాయలకును మించిన అద్దెలను, నిర్మాణము ముగిసి 15 ఏండ్లు గడువని కట్టడములను చట్టమునుండి మినహాయించెను.

శంషాబాదునకు దీనిని అన్వయించి చూచినచో పరిస్థితి స్పష్టమగును. ఈ చట్టము జంటనగరములకును పురపాలక ప్రాంతములకును వర్తించునట్టిది. శంషాబాదు పురపాలక సంఘమైనది 2018లో మాత్రమే. అనగా విమానాశ్రయము వచ్చిన తరువాతి మొదటి పదేండ్లు గ్రామ పంచాయతీ పాలనలో గడచినవి. ఆ పిదపనో, ఇండ్లు చాలమట్టుకు కొత్తవి, అద్దెలు చాలమట్టుకు పరిమితిని మించినవి. అద్దె నియంత్రణాధికారి తలుపు మూసియుండగా మిగిలినది సివిలు కోర్టు. నెలకు ఏడెనిమిది వేల కిరాయి చెల్లించు కార్మికుడు చెమ్మగోడకై అచ్చటికి పోవునా?

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము ఈ శూన్యమును పూరించుటకు చేసిన ప్రయత్నము. నిర్మాణ సంబంధమైన మరమ్మతులు, గోడలకు సున్నము, గొట్టముల మార్పిడి యజమానివనియు, కుళాయిలు, కాలువ శుభ్రత, స్విచ్చులు, గాజుపలకల వంటివి కిరాయిదారువనియు అది జాబితా కట్టినది. యజమాని చేయనిచో కిరాయిదారు చేయించుకొని, ఏ నెలలోను కిరాయిలో సగమునకు మించకుండ తగ్గించుకొనవచ్చును. ఇల్లు నివసింపరానిదై, వ్రాతపూర్వకముగా కోరినను యజమాని నిరాకరించినచో 15 దినముల నోటీసుతో విడిచిపోవచ్చును. నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం రాష్ట్రములు దీని ననుసరించి తమ చట్టములను మార్చుకొన్నట్లు కేంద్రము ప్రకటించినది. రాష్ట్రము స్వీకరించినగాని నమూనా చట్టము వర్తింపదు. కృష్ణకు ఆవలి తెలుగువారికి లభించిన మార్గము శంషాబాదు కిరాయిదారునకు ఇంకను లభింపలేదు. అయినను, ఆ జాబితాను తెలుగులో ఒక పుటగా వ్రాసి ఒప్పందమునకు జతపరచుకొనుటకు ఏ చట్టమును అడ్డురాదు. అట్లు చేసిన క్షణమున యజమాని 1882 చట్టపు భాషలో "బద్ధుడు" అగును.

అసలు తగవు అడ్వాన్సు వద్ద

కోర్టునకు పోని ఈ వివాదములు ముగియునది ఇల్లు ఖాళీ చేయు దినమున. రంగుల ఖర్చు పేర ఒక నెల కిరాయిని అడ్వాన్సులో పట్టుకొనుట హైదరాబాదున స్థిరపడిన ఆచారము. గోడ చెడినదన్న సాకుతో మరికొంత కోయుదురు. కిరాయిదారు ముందుగానే ఊహించి చివరి రెండు నెలల కిరాయి ఆపివేయును. ఇరువురును చట్టమును తమ చేతిలోనికి తీసికొన్నట్లే. ఆ కోసిన రంగుల డబ్బుతో గోడకు మరల పుట్టీయు రంగును పడును. చెమ్మ యథాస్థానమున నిలుచును. టూలెట్ బోర్డు మరల వ్రేలాడును.

దీనికి విరుగుడు చాల సామాన్యమైనది. దిగునాడు ఇరువురును కలిసి గది గదిని, ముఖ్యముగా మూలలను, కిటికీ అడుగులను, స్నానాలగది వెనుక గోడను ఫోటోలు తీసి, తేదీతో పరస్పరము వాట్సాపులో పంపుకొనవలెను. మొదటి వాన తరువాత మరియొక మారు తీయవలెను. చెమ్మ కనబడిన వెంటనే ఫోనులో చెప్పి ఊరకుండక వ్రాతగా తెలుపవలెను. 108వ సెక్షను కోరు నోటీసు అదియే. అప్పటికిని తెగనిచో, 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద జిల్లా న్యాయసేవా సంస్థకు అర్జీ పెట్టి, దావా వేయకముందే లోక్ అదాలతు ద్వారా రాజీకి ప్రయత్నింపవచ్చును. అద్దె తగవులలో ఈ దారిని ఉపయోగించుకొనువారు మిక్కిలి అరుదు.

ఇంగ్లండు నేర్చిన పాఠము

వాడుక వాదమునకును నివాసయోగ్యతా వాదమునకును జరిగిన సుదీర్ఘ సంగ్రామమును చూడవలెనన్నచో ఇంగ్లండును చూడవలెను. 1980ల నడుమ వేల్సులోని ఒక కౌన్సిలు గృహమున ఇనుప చట్రముల కిటికీలపై ఆవిరి పేరుకొని, ఇల్లంతయు బూజు పట్టి, సామానులు కుళ్లిపోయినను, అప్పీలు న్యాయస్థానము క్విక్ కేసులో యజమానిని బాధ్యుని చేయలేదు: కట్టడము విరుగలేదు, చెడలేదు, నిర్మించిన తీరే అట్టిది, కావున మరమ్మతు చేయవలసినది ఏదియు లేదని తీర్పు. మరమ్మతు అను మాటపైనే బాధ్యతను నిలుపు శాసనమంతయు ఎంత బలహీనమో ఈ తీర్పు వెల్లడించినది. మన 1882 చట్టమునకును ఇదే బలహీనత. 2018లో ఇంగ్లండు మానవ నివాసయోగ్యతను ప్రమాణముగా చేసి నూతన శాసనము తెచ్చుకొన్నది.

అంతటితో ముగియలేదు. 2020 డిసెంబరులో రాచ్‌డేల్ పట్టణమున అవాబ్ ఇషాక్ అను రెండేండ్ల బాలుడు మరణించెను. ఇంటిలోని బూజును దీర్ఘకాలము పీల్చుటవలన కలిగిన శ్వాసకోశ వ్యాధియే కారణమని 2022 నవంబరులో మరణ విచారణాధికారి నిర్ణయించెను. తండ్రి ఏండ్ల తరబడి ఫిర్యాదు చేసినను, ఆ కుటుంబపు జీవనవిధానమే బూజునకు హేతువని గృహసంస్థ భావించుచు వచ్చినది. శంషాబాదు యజమాని "కిటికీలు తియ్యరు" అనుమాటకును దీనికిని భేదమేమి? ఆ బాలుని పేర 2023లో శాసనమైన నియమములు 2025 అక్టోబరు 27నుండి సామాజిక గృహములకు అమలులోనికి వచ్చినవి: తీవ్రమైన చెమ్మ బూజుల ఫిర్యాదును పది పనిదినములలో పరిశీలింపవలెను, ప్రమాదము తేలినచో అయిదు పనిదినములలో దానిని తొలగింపవలెను, అత్యవసరమైనచో 24 గంటలలోనే. ఎవరి తప్పన్న ప్రశ్నను వెనుకకు నెట్టి, ఎన్ని దినములలో వచ్చి చూచితివి అన్న ప్రశ్నను ముందు నిలుపుట ఇందలి గొప్ప మార్పు. మనకు గ్రహింపదగినది ఇదియే.

ఇంకను తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఏ పక్షమువద్దను సమాధానము లేదు. యజమానియే బిల్డరు చేతిలో మోసపోయినచో? 2016 నాటి రేరా చట్టము నిర్మాణ లోపములకు స్వాధీనము నాటినుండి అయిదేండ్ల పూచీని బిల్డరుపై పెట్టినది. కాని కొనుగోలుదారు అను నిర్వచనమునుండి అద్దెకున్నవారిని ఆ చట్టమే స్పష్టముగా తొలగించినది. ఫ్లాటు యజమాని వేరొక ఊరిలోనో వేరొక దేశముననో ఉండి ఉదాసీనుడైనచో, గోడ తడియుచున్న కుటుంబము రేరాకు పోజాలదు, హక్కుగలవాడు పోడు, అయిదేండ్లు గడచిపోవును. పై యంతస్తు స్నానాలగది కారుచున్నచో క్రింది కిరాయిదారునకును పై యజమానికిని నడుమ ఒప్పందమే లేదు. పిల్లవాని ఉబ్బసపు మందుల ఖర్చు యజమాని భరింపవలెనా యన్నది మరింత కఠినము; క్రషర్లు, లారీలు, రహదారి దుమ్ము నిండిన ప్రాంతమున ఆ దగ్గు బూజువలననే వచ్చినదని నిరూపించుట వైద్యునకును కష్టమే.

వీనన్నిటికన్న క్లిష్టమైనది అనుమతిలేని ఇంటి సమస్య. ఇల్లు నివాసయోగ్యము కాదని కిరాయిదారు పురపాలక కార్యాలయమునకు ఫిర్యాదు చేసినచో, అధికారి మొదట అడుగునది చెమ్మను గూర్చి కాదు, కట్టడపు అనుమతిని గూర్చి. అనుమతి లేదని తేలినచో నోటీసు వచ్చును. మరమ్మతుకు కాదు, కట్టడముపైన. యజమాని వెంటనే ఇల్లు ఖాళీ చేయుమనును, ఇరుగుపొరుగు గదులవారును ఫిర్యాదు చేసినవానినే తప్పుపట్టుదురు. కట్టడపు చట్టబద్ధతతో ముడిపెట్టక, లోపల నివసించువాని గోడను మాత్రము పరిశీలించి, ఇన్ని దినములలో బాగుచేయుమని యజమానిని ఆదేశించు అధికారి తెలంగాణ పురపాలక వ్యవస్థలో ఎవరు అన్నది నిర్ణయము కావలసియున్నది. అది తేలువరకు రాళ్లగూడలోనో సాతంరాయిలోనో రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన కార్మికుడు బూజుపై ఫిర్యాదు వ్రాయుటకు ముందు, వచ్చే నెల ఉండుటకు వేరొక గది చూచుకొనవలసియే యుండును.